మాటకు కట్టిన డబ్బు

టీవీ పాడైతే బాగుచేయిస్తామని విడిగా డబ్బు తీసుకుంటారు. తీరా పాడయ్యాక చేతులెత్తేస్తే ఏం చేయాలి? ఎక్స్‌టెండెడ్ వారంటీ కొన్నవాళ్ళ చేతిలో ఉన్న హక్కులపై ఈ వారం ముఖచిత్ర కథనం.

భోగికి ముందురోజు సాయంత్రం భీమవరం నుంచి మా పిన్ని ఫోన్ చేసింది. ఇంటినిండా పిల్లలు, పొయ్యి మీద అరిసెల పాకం, హాల్లో టీవీ మాత్రం సగం నల్లబడిపోయింది. "మాట వినబడుతోంది, బొమ్మ ఎడంవైపే కనబడుతోందిరా" అంది. వారంటీ ఉందేమో చూడమన్నాను. "ఉంది. ఏడాది కంపెనీవాళ్ళది, ఆపైన రెండేళ్ళకి మేం డబ్బు కట్టి మరీ తీసుకున్నాం" అంది.

డబ్బు కట్టి మరీ అన్న ఆ మాట దగ్గర నేను ఆగి ఉండాల్సింది. ఆగకుండా, కొన్న షోరూమ్‌కి ఫోన్ చెయ్యమని చెప్పి ఊరుకున్నాను. అది 2025 జనవరి. టీవీ 2022 దసరా ఆఫర్లో కొన్నది. కంపెనీ వారంటీ 2023 అక్టోబరుతో ముగిసింది, కొనుక్కున్న వారంటీ 2025 అక్టోబరు దాకా ఉంది. గడువు గురించి ఎవరికీ పేచీ లేదు. అయినా ఉగాది వచ్చేసింది కానీ టీవీ బాగుపడలేదు.

షోరూమ్ వాళ్ళు టోల్‌ఫ్రీ నంబరు ఇచ్చారు. అక్కడ పలికినవాళ్ళు కంప్లైంట్ నంబరు ఇచ్చి, మూడు రోజుల్లో మనిషి వస్తాడన్నారు. పదకొండో రోజున వచ్చాడు. వెనక మూత విప్పి, నాలుగు ఫోటోలు తీసుకుని, "ప్యానెల్ పోయిందమ్మా, పైనుంచి అప్రూవల్ రావాలి" అని వెళ్ళిపోయాడు. మళ్ళీ ఫోన్ చేస్తే పాత కంప్లైంట్ మూసేశామని కొత్త నంబరు ఇచ్చారు. టీవీ కంపెనీ సర్వీస్ సెంటర్‌ని అడిగితే "మా వారంటీ అయిపోయింది, అది వాళ్ళ ప్లాను, మాకు సంబంధం లేదు" అన్నారు. చివరికి మార్చి నెలాఖరున ఒక మాట తేల్చారు. ఈ మోడల్‌కి ప్యానెల్ దొరకడం లేదు కాబట్టి, వాడిన కాలానికి తరుగు తీసేసి మిగిలినదానికి వోచర్ ఇస్తారట. అది కూడా అదే షోరూమ్‌లో వాడుకోవాలట. ఆ మిగిలినది కొన్న ధరలో సగం కూడా లేదు.

ఇన్ని నెలల్లో ఎవరితో మాట్లాడినా పిన్ని అడిగిన ప్రశ్న ఒకటే: మంచి కంపెనీ టీవీ ఇంత తొందరగా ఎందుకు పాడైంది? అందరూ ఆవిడను ఆ ప్రశ్న చుట్టూనే తిప్పారు. నిజానికి ఆవిడకి ఆ ప్రశ్నతో పనే లేదు.

పాడైంది టీవీ, తప్పింది మాట

వినియోగదారుల రక్షణ చట్టం లోపాలను రెండు రకాలుగా విడదీసింది. వస్తువు నాణ్యతలోనో పనితీరులోనో ఉండేది ఒకటి. డబ్బు తీసుకుని చేస్తామన్న పని చెయ్యకపోవడం, అరకొరగా చెయ్యడం రెండోది. దీన్ని సేవాలోపం అంటారు. 1986 నాటి చట్టంలో ఈ విభజన ఉంది. దాని స్థానంలో వచ్చి 2020 జులై 20 నుంచి అమలవుతున్న 2019 చట్టంలోనూ ఉంది.

కొన్న ఆరు నెలలకే టీవీ పాడైతే వస్తులోపం అని వాదించడం తేలిక. రెండేళ్ళు దాటాక అంత తేలిక కాదు. తయారీలోనే తేడా ఉందా, కరెంటు హెచ్చుతగ్గులు దెబ్బతీశాయా అన్నది తేల్చడానికి వినియోగదారుల కమిషన్ ఆ వస్తువును ప్రయోగశాలకు పంపించవచ్చు. పరీక్ష రుసుము ముందుగా ఫిర్యాదుదారే కట్టాలి. నివేదికకు చట్టం 45 రోజుల గడువిచ్చింది. చేతిలో ఎక్స్‌టెండెడ్ వారంటీ ఉన్నవాళ్ళు మొదట పట్టుకోవాల్సిన దారి ఇది కాదు.

ఎందుకంటే వాళ్ళు కొన్నవి రెండు. ఒకటి టీవీ. రెండోది, ఫలానా తేదీలోపు పాడైతే బాగుచేయిస్తామన్న మాట. ఆ మాటకు విడిగా ధర కట్టారు. టీవీ పాడైంది, గడువులోపలే పాడైంది, ఆ సంగతి చెప్పాం, వాళ్ళు బాగుచెయ్యలేదు. ఈ నాలుగు సంగతులూ కాగితం మీద చూపగలిగితే సేవాలోపం కేసుకు పునాది పడినట్టే. ప్యానెల్ ఎందుకు పోయిందో చెప్పమని మనల్ని నిలదీయడానికి వాళ్ళకి హక్కు లేదు. పాడవుతుందేమోనన్న భయానికే కదా వాళ్ళు డబ్బు తీసుకున్నది!

ఇక్కడే మినహాయింపులు బయటికి వస్తాయి. బల్లి దూరింది, బోర్డుకు తుప్పు పట్టింది, వోల్టేజీ ఎక్కువై కాలింది, తెరకు ఏదో తగిలింది. సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో తుప్పు, పల్లెల్లో వోల్టేజీ, అన్నిచోట్లా బల్లులు. ఇవి వారంటీలోకి రావని చాలా ప్లాన్లలో రాసే ఉంటుంది. అయితే రాసి ఉండటం వేరు, మన టీవీకి అదే జరిగిందని చూపించడం వేరు. మినహాయింపు కిందికి వస్తుందని చెప్పేవాళ్ళే దాన్ని నిరూపించాలన్నది బీమా కేసుల్లో సుప్రీంకోర్టు స్థిరపరిచిన సూత్రం. టెక్నీషియన్ నోటిమాట రుజువు కాదు. కాలిన బోర్డు ఫోటో, తేదీతో సంతకంతో రాసిన నివేదిక అడగండి. ఇవ్వనంటే ఆ ఇవ్వకపోవడమే రేపు మీకు పనికొచ్చే సాక్ష్యం.

మా పిన్ని చేతిలో ఉన్నది ఒక రంగుల అట్ట. దానిమీద ప్లాను పేరు, టీవీ సీరియల్ నంబరు, మొదలు, ముగింపు తేదీలు. అడుగున చీమతలకాయంత అక్షరాల్లో, షరతులకు వెబ్‌సైట్ చూడమని ఒక ముక్క. తరుగు తీస్తారన్న మాట ఆ అట్టమీద ఎక్కడా లేదు, అమ్మిన కుర్రాడూ చెప్పలేదు. 2000లో మోడర్న్ ఇన్సులేటర్స్ కేసులో సుప్రీంకోర్టు ఒక మాట చెప్పింది: పాలసీదారుకు తెలియజెయ్యని మినహాయింపు షరతును చూపి బీమా కంపెనీ తప్పించుకోలేదు. అది బీమా కేసు, ఇది టీవీ ప్లాను, నిజమే. కానీ చేతికివ్వని షరతుతో చెయ్యి విరిచే పద్ధతి రెండుచోట్లా ఒక్కటే. కమిషన్ ముందు ఆ తీర్పును ధైర్యంగా ఎత్తి చూపవచ్చు.

ఇక స్పేర్ దొరకదన్న మాట. టీవీలో అన్నిటికంటే ఖరీదైన భాగం ప్యానెల్. పవర్ బోర్డు, మెయిన్ బోర్డు, బ్యాక్‌లైట్ పట్టీలు పోతే కొద్ది ఖర్చుతో మార్చవచ్చు. ప్యానెల్ పోతే మొత్తం తెర మార్చాలి, దాని ధర చాలాసార్లు కొత్త టీవీ ధరకు దగ్గరగా వస్తుంది. పైగా మోడళ్ళు ఏటా మారిపోతాయి. ఇదంతా అమ్మేవాళ్ళకు తెలియని సంగతి కాదు. అందుకే మూడేళ్ళ దాకా బాగుచేస్తామని డబ్బు తీసుకున్నవాళ్ళు మూడేళ్ళకు సరిపడా ఏర్పాటు కూడా చేసుకోవాలి. ఒక వస్తువును మార్చి ఇస్తామనో బాగుచేస్తామనో ఇచ్చిన హామీ నెరవేరే అవకాశం సహేతుకంగా లేకపోతే, అలాంటి హామీ ఇవ్వడాన్నే 2019 చట్టం అక్రమ వ్యాపార పద్ధతుల్లో చేర్చింది. స్పేర్ లేదన్న జవాబు వినగానే చాలామంది అక్కడితో ఆగిపోతున్నారు. అది ఎదుటివాళ్ళకు సాకు కానక్కరలేదు, మనకు వాదన కావచ్చు.

ఒక సంగతి దాచకూడదు. కమిషన్‌కు వెళితే కొత్త టీవీ తప్పకుండా వస్తుందని అనుకోవద్దు. 2006లో మారుతి ఉద్యోగ్, సుశీల్ కుమార్ గబ్‌గోత్రా కేసులో సుప్రీంకోర్టు వారంటీ పత్రంలోని మాటలనే చూసింది. లోపమున్న భాగాన్ని బాగుచెయ్యడం లేదా మార్చడం వరకే అందులో ఒప్పుకున్నారు కాబట్టి మొత్తం కారు మార్చి ఇవ్వమన్న ఆదేశం సరికాదంది. టీవీకీ ఇదే వర్తిస్తుంది. అందుకే ఫిర్యాదులో కోరికను మెట్లుమెట్లుగా రాయడం మంచిది. ముందు ప్యానెల్ మార్చాలి. అది కుదరకపోతే అదే స్థాయి టీవీ ఇవ్వాలి. అదీ కుదరకపోతే డబ్బు వడ్డీతో తిరిగివ్వాలి. వీటితోపాటు తిప్పించినందుకు పరిహారం, ఖర్చులు. ఇవన్నీ ఆదేశించే అధికారం కమిషన్‌కు ఉంది.

ఎవరిని అడగాలి?

అట్టమీద ఉన్న పేరును చదవండి. చాలా ఇళ్ళలో ఇది చదవరు. టీవీ ఒక కంపెనీది, అమ్మిన షోరూమ్ ఇంకొకరిది, ప్లాను మూడో కంపెనీది కావచ్చు, ఆ మూడో కంపెనీ వెనక ఒక బీమా సంస్థ ఉండవచ్చు. ఫోన్ చేసినప్పుడల్లా వీళ్ళు ఒకరినొకరు చూపించుకుంటారు. వినియోగదారు మధ్యలో బంతి అవుతాడు.

డబ్బు తీసుకున్నదెవరో రసీదు చెబుతుంది, మాట ఇచ్చిందెవరో అట్ట చెబుతుంది. ప్రధాన ప్రతివాదులు ఈ ఇద్దరే. టీవీ తయారీ కంపెనీని కూడా చేర్చవచ్చు, ముఖ్యంగా స్పేర్ లేదన్నది వాళ్ళ మాటే అయినప్పుడు. కానీ ఊరికే చేరిస్తే నిలవదు. డీలర్ చేసిన తప్పుకు తయారీదారును బాధ్యుణ్ణి చెయ్యాలంటే ఆ తప్పు సంగతి వాళ్ళకు తెలుసని చూపాలని 2021లో టాటా మోటార్స్, ఆంటోనియో పౌలో వాజ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అది పాత కారును కొత్తదిగా అమ్మిన కేసు. అందుకే తయారీ కంపెనీకి కూడా ముందే ఈమెయిల్ రాసి పెట్టుకోవాలి. తెలియదనే మాటకు అప్పుడు తావుండదు.

మన ఇళ్ళకు బాగా పనికొచ్చే ఇంకో సంగతి. అమ్మాయి పెళ్ళికి గుంటూరులో టీవీ కొని సారెతో పంపారు, బిల్లు తండ్రి పేరున ఉంది, కాపురం కరీంనగర్‌లో. ఫిర్యాదు ఎవరు చెయ్యాలి, ఎక్కడ చెయ్యాలి? కొన్నవాళ్ళ అనుమతితో వాడుకునేవాళ్ళు కూడా చట్టం దృష్టిలో వినియోగదారులే. 2019 చట్టం వచ్చాక ఫిర్యాదుదారు నివసించే చోటో, ఉద్యోగం చేసే చోటో ఉన్న జిల్లా కమిషన్‌లోనే కేసు వెయ్యవచ్చు. కాబట్టి అమ్మాయి కరీంనగర్‌లోనే వెయ్యవచ్చు, తండ్రి పరుగెత్తి రానక్కరలేదు. డాలస్‌లో ఉన్న కొడుకు ఆన్‌లైన్‌లో డబ్బు కట్టి అమ్మానాన్నలకు పంపిన టీవీకీ ఇదే దారి. వాయిదాల మీద కొన్నా హక్కు తగ్గదు. అయితే కోపంతో ఈఎంఐ ఆపేయకండి. అప్పిచ్చినవాళ్ళు వేరు, మాట తప్పినవాళ్ళు వేరు.

కౌంటర్ దగ్గర

అసలు ఈ ప్లాను మనం ఏ క్షణంలో కొంటున్నాం? టీవీ నచ్చి, బేరం కుదిరి, కార్డు గీకే ముందు. పిల్లలు పెట్టె మోసుకెళ్ళడానికి సిద్ధంగా ఉంటారు. అప్పుడు సేల్స్ కుర్రాడు "సార్, రోజుకి రెండు రూపాయలే" అంటాడు. షరతులు చదివే తీరిక ఎవరికీ ఉండదు. ఆ తీరిక లేకపోవడం మీదే ఈ అమ్మకం నడుస్తోంది, నాకు దీనిమీదే ఎక్కువ కోపం.

బ్రిటన్‌లో ఇంటి ఎలక్ట్రికల్ వస్తువుల ఎక్స్‌టెండెడ్ వారంటీలపై 2005 నుంచే ప్రత్యేక ఉత్తర్వు ఉంది. అక్కడ కొన్నవాళ్ళు 45 రోజుల్లోపు మనసు మార్చుకుని ప్లాను రద్దు చేసుకోవచ్చు, అప్పటికి క్లెయిమ్ చెయ్యకపోతే డబ్బు మొత్తం వెనక్కి వస్తుంది. షాపులో చెప్పిన ధరను 30 రోజులపాటు నిలబెట్టాలి, ఇంటికెళ్ళి ఆలోచించుకుని రావచ్చు. మనకూ ఇలాంటి నియమం కావాలి. లక్షల ఇళ్ళలో ఉన్న వస్తువు ఇది, అడగడంలో అతి ఏమీ లేదు.

ఆన్‌లైన్ కొనుగోళ్ళలో మాత్రం కొంత రక్షణ వచ్చింది. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న డార్క్ ప్యాటర్న్స్‌పై మార్గదర్శకాలు విడుదల చేసి, 13 రకాల మాయలను నిషేధించింది. మనం అడగకుండానే బుట్టలో అదనపు వస్తువో సేవో చేర్చడం అందులో ఒకటి. టీవీ బిల్లులో వారంటీ ప్లాను ముందే టిక్ అయి ఉంటే అది ఈ కోవలోకే వస్తుంది. ఆన్‌లైన్ సంస్థల ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు చెప్పాలని, నెలలోపు పరిష్కరించాలని 2020 నాటి ఈ-కామర్స్ నియమాలు చెబుతున్నాయి. ఆ అధికారి పేరు, చిరునామా వెబ్‌సైట్‌లో ఉండాల్సిందే. కాల్ సెంటర్‌తో తగువు మాని ఆ అధికారికి రాయండి.

ఫోన్ తగ్గించి, కాగితం పెంచి

పిన్ని మూడు నెలల్లో చేసిన ఫోన్లు నలభైకి పైనే. వాటిలో ఒక్కటీ రుజువు కాలేదు. ఏప్రిల్‌లో నేను భీమవరం వెళ్ళినప్పుడు ఇద్దరం కూర్చుని కాగితాలు తీశాం. బిల్లు చూస్తే తెల్లకాగితంలా ఉంది. షాపుల్లో ఇచ్చే వేడి ముద్రణ బిల్లులు బీరువాలో పెట్టినా ఏడాది రెండేళ్ళలో వెలిసిపోతాయి. అదృష్టం కొద్దీ కొన్నరోజున బాబాయి వాట్సాప్‌లో నాకు పంపిన ఫోటో దొరికింది. బిల్లును ఆరోజే ఫోటో తీసుకోవాలి, జిరాక్స్ తీయించుకోవాలి. అట్టకు రెండువైపులా, టీవీ వెనక ఉన్న సీరియల్ నంబరుకు, బిగించిన తేదీ ఉన్న స్లిప్పుకు కూడా.

టీవీ పాడైన రోజున చెయ్యాల్సిన పని ఒక నిమిషం వీడియో. తెరమీద గీతలో చీకటో కనబడేలా, పగుళ్ళేమీ లేవని తెలిసేలా దగ్గరగా తీయాలి. తర్వాత ఎవరైనా దెబ్బ తగిలిందంటే ఈ వీడియోనే జవాబు. ఊళ్ళో మెకానిక్‌ను పిలిచి మూత విప్పించవద్దు. వాళ్ళ పనితనం మీద అనుమానంతో చెబుతున్న మాట కాదు. బయటివాళ్ళు విప్పితే ప్లాను చెల్లదని చాలా పత్రాల్లో ఉంటుంది. వచ్చిన టెక్నీషియన్ దగ్గర జాబ్ షీట్ తీసుకోవాలి, ఏం పోయిందో అందులో రాయించాలి. ఫోన్లో ఎవరేం చెప్పినా "మీరు ఇలా చెప్పారు" అని అదేరోజు ఒక ఈమెయిల్ కొట్టాలి. తెలుగులో రాసినా పర్వాలేదు, తేదీ ఉంటే చాలు.

ఆ రాత్రి మేము ఒకటిన్నర పేజీ నోటీసు రాశాం. లాయరు నోటీసే ఉండాలని ఎక్కడా లేదు. కొన్న తేదీ, కట్టిన డబ్బు, పాడైన తేదీ, కంప్లైంట్ నంబర్లు, ఎవరు ఏమన్నారు, మాకు ఏం కావాలి, 15 రోజుల గడువు. షోరూమ్‌కు, ప్లాను కంపెనీకి, టీవీ కంపెనీకి మూడు స్పీడ్ పోస్టులు. రసీదులు ఫైల్లో.

దానికంటే ముందు 1915 నంబరుకు ఫోన్ చేశాం. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ అది, తెలుగులో మాట్లాడవచ్చు. వాళ్ళు ఫిర్యాదును కంపెనీకి పంపి జవాబు తెప్పించడానికి ప్రయత్నిస్తారు. ఆదేశించే అధికారం వాళ్ళకు లేదు, అయినా చాలాసార్లు ఇక్కడే పని జరుగుతుంది. కదలకపోతే జిల్లా కమిషన్.

కమిషన్ అనగానే కోర్టు మెట్లు గుర్తొచ్చి జంకేవాళ్ళు ఎక్కువ. చెల్లించిన ధర 50 లక్షల దాకా ఉంటే జిల్లా కమిషన్‌లోనే విచారణ. 5 లక్షల దాకా అయితే రుసుము లేదు, కాబట్టి ఇంటి టీవీ కేసుకు పైసా రుసుము అక్కరలేదు. లాయరు లేకుండా మీ కేసు మీరే చెప్పుకోవచ్చు. ఫిర్యాదు, అఫిడవిట్, కాగితాల నకళ్ళు ఇంటినుంచే ఆన్‌లైన్‌లో దాఖలు చెయ్యవచ్చు. ఇందుకోసం 2020లో మొదలైన ఈ-దాఖిల్ పోర్టల్ ఇప్పుడు ఈ-జాగృతిలో కలిసింది. వివాదానికి కారణం పుట్టిన రోజునుంచి రెండేళ్ళలోపు వెయ్యాలి. వారంటీ కేసుల్లో ఆ కారణం సాధారణంగా వాళ్ళు మాట తప్పినప్పుడు పుడుతుంది, కాబట్టి కుదరదని చెప్పిన ఈమెయిల్‌నో సందేశాన్నో జాగ్రత్తగా ఉంచాలి. కమిషన్ నోటీసు అందాక ఎదుటివాళ్ళు 30 రోజుల్లో జవాబు వెయ్యాలి, కమిషన్ మహా అయితే ఇంకో 15 రోజులు ఇవ్వగలదు, ఆపైన కుదరదు. పరీక్ష అవసరం లేని ఫిర్యాదును మూడు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం చెబుతోంది. ఆచరణలో వాయిదాలు పడి ఏళ్ళు సాగిన కేసులు ఉన్నాయి. ఇది మనసులో పెట్టుకునే దిగాలి. అయితే తీర్పు వచ్చాక దాన్ని పాటించకపోతే నెలనుంచి మూడేళ్ళ దాకా జైలు, లేదా 25 వేలనుంచి లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. కంపెనీలకు ఈ సంగతి బాగా తెలుసు.

పిన్ని కేసు కమిషన్ దాకా వెళ్ళలేదు. నోటీసు అందిన తొమ్మిదో రోజున ప్లాను కంపెనీ నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. ఎంతో మర్యాదగా మాట్లాడాడు, వోచర్ విలువ పెంచుతామన్నాడు. స్పీకర్లో నేను వింటున్నాను. "ఆ మాటేదో కాగితం మీద రాసి పంపు బాబూ, మా వాళ్ళకి చూపిస్తాను" అంది పిన్ని. కాగితం రాలేదు. ఇంకో వారానికి, దొరకదన్న ప్యానెల్ దొరికిందని ఫోన్ వచ్చింది.

టెక్నీషియన్ వచ్చి బిగించి, జాబ్ షీట్ మీద సంతకం పెట్టమన్నాడు. పిన్ని కళ్ళజోడు తెచ్చుకుని మొత్తం చదివింది. పాత ప్యానెల్ తీసి కొత్తది వేసినట్టు, కొత్త ప్యానెల్ నంబరు, దానికి ఎన్నాళ్ళ పూచీ ఉందో రాయించింది. టీవీలో తొమ్మిది గంటల సీరియల్ మొదలైంది. ఆవిడ ఇంకా ఆ కాగితాన్ని ఫోటో తీస్తూనే ఉంది.